షెడ్డులో పుట్టిన పిన్నుకి పేటెంటు: ట్రాక్టర్ ట్రాలీ తాళం ఉదాహరణగా

నాగావళి రేవులో ఇసుక నింపుకున్న ట్రాలీ గట్టెక్కుతున్నప్పుడు డ్రాబార్ వైపు, అంటే ట్రాలీని ట్రాక్టరుకి తగిలించే చోటు వైపు చూడండి. ట్రాక్టర్ ఒక వాలులో, ట్రాలీ ఇంకో వాలులో ఉంటాయి. ఆ తేడాకి రెండింటినీ కలిపే పిన్ను రంధ్రంలో బిగుసుకుని, ప్రతి కుదుపుకీ కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. కింద పెట్టాల్సిన క్లిప్పు ఎప్పుడో ఊడిపోయి, దాని చోట బైండింగ్ వైరు ముక్క చుట్టి ఉంటుంది. వైరు తెగితే లోడుతో సహా ట్రాలీ వెనక్కి జారుతుంది, వెనక ఎవరుంటే వాళ్ల మీదికి.

రాజాం, బొబ్బిలి, నరసన్నపేట వెల్డింగ్ షెడ్డుల్లో ఇలాంటి వాటికి ఎవరికి తోచిన ఉపాయం వాళ్లు చేస్తూనే ఉంటారు. వాటిలో నిజంగా కొత్తవి కూడా ఉంటాయి. కానీ కాగితం మీదికి రావు. మరుసటి సీజనుకి అదే వస్తువు వేరేవాళ్ల పేరుతో సంతలో కనిపిస్తుంది. కోర్టులో గెలుపోటములు చాలావరకు పేటెంటు దరఖాస్తు దాఖలు చేసిన రోజునే తేలిపోతాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం కోర్టుకు ముందు చేయాల్సిన పనికే ఇచ్చాం.

ఎవరికీ చూపించక ముందే తేదీ సంపాదించండి

ఒకే ఆలోచన ఇద్దరికి విడివిడిగా వస్తే మన దేశంలో ముందు దాఖలు చేసినవారి తేదీదే పైచేయి. దాఖలుకి ముందే వస్తువు బయటపడితే అది ఇక కొత్తది కాదు. బయటపెట్టింది మీరే అయినా అంతే. వాట్సాప్ స్టేటస్, యూట్యూబ్ వీడియో, జిల్లా పేజీలో "మెకానిక్ ప్రతిభ" అని ఫొటోతో వచ్చిన వార్త, రైతుకి అమ్మిన ఒక్క పిన్ను, ఏదైనా సరే రేపు మీకే అడ్డం తిరుగుతుంది.

డ్రాయింగుని తన చిరునామాకే రిజిస్టర్ పోస్టు చేసుకుని సీలు విప్పకుండా దాచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దానితో పేటెంటు హక్కు రాదు. నోటరీ ముద్రతో రాదు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌తో (చిన్న పరిశ్రమల నమోదుతో) రాదు. ట్రేడ్‌మార్కు పేరుని కాపాడుతుంది గానీ యంత్రాన్ని కాపాడదు.

కాలేజీ టెక్ ఫెస్టులో పెడితే ఏమీ కాదని కొందరు ధైర్యం చెబుతారు. నమ్మకండి. ప్రదర్శనలకి పేటెంట్ల చట్టం 31వ సెక్షన్ కింద 12 నెలల మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకి మాత్రమే. 32వ సెక్షన్ ఇంకో మినహాయింపు ఇస్తుంది: వస్తువు స్వభావాన్ని బట్టి నలుగురిలో పరీక్షించక తప్పనప్పుడు, దాఖలుకి ముందు ఏడాదిలోపు జరిగిన సహేతుకమైన పరీక్షను తప్పుగా లెక్కించరు. రోడ్డు మీద తిరిగే బండికి ఇది పనికొస్తుంది. అయితే దాని మీదే ఆధారపడకండి. వీలైనంత వరకు సొంత కళ్లంలో పరీక్షించండి, డబ్బు తీసుకోకండి, ఏ రోజు ఎంత లోడుతో తిప్పారో రాసి ఉంచండి.

లేత్ మిషన్ దగ్గరికి వెళ్లక తప్పదు కాబట్టి పనిని విడగొట్టండి. కడ్డీ తిప్పడం ఒక షాపుకి, నాలుక కోయడం ఇంకో షాపుకి ఇచ్చి, బిగింపు మీ దగ్గరే చేసుకోండి. మొత్తం చూపించాల్సి వస్తే ముందు గోప్యత ఒప్పందం మీద సంతకం తీసుకోండి. మీరు చెప్పిన కొలతకి తిప్పినంత మాత్రాన లేత్ మేస్త్రి ఆవిష్కర్త కాడు. కానీ "ఇక్కడ ఏటవాలు పెట్టు, అప్పుడు బురదలో ఇరుక్కోదు" అని చెప్పింది ఆయనే, ఆ ఏటవాలే మీ క్లెయిములో (ఏది మీ సొంతమో దరఖాస్తులో చెప్పే వాక్యంలో) ఉందనుకోండి, ఆయన పేరు కూడా ఆవిష్కర్తగా రాయాలి. దాచిపెడితే ఆ ఒక్క కారణం మీదే పేటెంటుని కొట్టేయించవచ్చు.

వస్తువుని అంకెల్లో రాసుకోవడం

ఉదాహరణగా ఒక పిన్నుని తీసుకుందాం, బ్రాకెట్లలోవి భాగాల అంకెలు. 28 మి.మీ. ఈఎన్8 (ఒక గట్టి ఉక్కు రకం) కడ్డీ (1), దాని మధ్యలో నిలువుగా 8 మి.మీ. రంధ్రం. కింది చివర చీలికలో 6 మి.మీ. ఇరుసు మీద తిరిగే నాలుక (2). రంధ్రంలో జారే తోపుడు కడ్డీ (3). పైన మడత పడే పిడి (4). పిడిని పడుకోబెడితే తోపుడు కడ్డీ కిందికి దిగి నాలుకని అడ్డంగా తిప్పుతుంది, పిన్ను ఇక పైకి రాదు. నాలుకకి ఇసుక గానీ డ్రాబార్ ప్లేటు గానీ అడ్డుపడి పూర్తిగా తిరగకపోతే పిడి పడుకోదు, నిలబడే ఉంటుంది. డ్రైవరు సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తే తాళం పడిందో లేదో తెలిసిపోతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా రాయాలి. మధ్యలో రంధ్రం వేస్తే పిన్ను అడ్డుకోత వైశాల్యం సుమారు 8 శాతం తగ్గుతుంది, అందుకే మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రాడ్డు బదులు ఈఎన్8. నాలుక కోసం కోసే చీలిక మాత్రం కింది ప్లేటు దాటిన తరువాతే మొదలవ్వాలి. ప్లేట్ల మధ్య కోత బలం పడే చోట చీలిక వచ్చిందంటే పిన్ను అక్కడే తెగుతుంది. చీలిక మూలలు పదునుగా వదిలితే బీటలు అక్కడి నుంచే మొదలవుతాయి, కనీసం 2 మి.మీ. గుండ్రం ఇవ్వండి. ఈఎన్8లో కార్బన్ ఎక్కువ, ముందు వేడి చేయకుండా పిడి బ్రాకెట్టు వెల్డింగ్ పెడితే అంచున పగులుతుంది. చీలిక అడుగు మూసేస్తే ఇసుక గట్టిపడి నాలుక కదలదు, అడుగు తెరిచే ఉంచాలి.

ఈ చివరి రెండు మూడు వాక్యాల లాంటివే తరువాత మీ పేటెంటుని నిలబెడతాయి. "ఇసుక రాలిపోవడానికి చీలిక అడుగు తెరిచి ఉంటుంది" అన్న మాట దరఖాస్తులోని వివరణలో లేకపోతే, పేటెంటు కార్యాలయం పరీక్షాధికారి అభ్యంతరం చెప్పాక దాన్ని కొత్తగా చేర్చనివ్వరు. 59వ సెక్షన్ ప్రకారం మొదట రాసినదాన్ని సరిదిద్దుకోవచ్చు, కుదించుకోవచ్చు. లేనిది కలపడం కుదరదు. కాబట్టి నాలుక బదులు రెండు రెక్కలు వాడవచ్చనీ, తోపుడు కడ్డీ బదులు కేబులు వాడవచ్చనీ, పిడి కింద స్ప్రింగు పెట్టవచ్చనీ మీకు తట్టిన ప్రతి ప్రత్యామ్నాయం మొదటి రోజే రాయండి.

ముందు ఎవరైనా చేశారా?

మన పేటెంటు కార్యాలయం వెబ్‌సైటు ఐపీ ఇండియాలో భారత పేటెంట్ల వెతుకులాట ఉచితం. విదేశీ పేటెంట్లు కూడా వెతికే ఎస్పేస్‌నెట్, గూగుల్ పేటెంట్స్ సైట్లు కూడా ఉచితమే. తెలుగు మాటలతో దొరకదు, ఇంగ్లిషులో టైపు చేయాలి. "హిచ్ పిన్", "కప్లింగ్ పిన్", "డ్రాబార్ పిన్", "లాక్", "రిటైనర్" అన్న మాటలని మార్చి మార్చి వేసి చూడండి. అంతకన్నా మంచి దారి పేటెంట్లని విషయం వారీగా విడదీసే వర్గీకరణ సంఖ్య. వాహనాల కొక్కేలు, జోడింపులు బి60డి 1 కింద ఉంటాయి. అనుకోకుండా ఊడిపోవడాన్ని ఆపేవి బి60డి 1/28లో, ట్రాక్టరుకి వ్యవసాయ పనిముట్లు తగిలించేవి ఏ01బి 59లో ఉంటాయి.

వెతికితే తన బరువుకి తానే అడ్డం తిరిగే నాలుక ఉన్న పిన్నులు దొరుకుతాయి, అది పాత ఆలోచనే. నిరాశపడి వదిలేయకండి. దొరికిన వాటిలో దగ్గరివి నాలుగైదు ముద్రించుకుని, మీ పిన్నులో ఉండి వాటిలో లేనిది ఏమిటో ఒక్కొక్క దాని పక్కన రాయండి. మన ఉదాహరణలో నాలుక కొత్తది కాదు. పిడికీ నాలుకకీ ఉన్న లంకె, తాళం పడకపోతే పిడి పడుకోకపోవడం, వీటి మీదే క్లెయిము నిలబడాలి.

క్లెయిములు

హక్కు మొత్తం క్లెయిముల్లోనే ఉంటుంది. వివరణ ఎంత గొప్పగా రాసినా, క్లెయిములో లేనిది మీది కాదు.

మొదటిసారి రాసేవాళ్లు ఇలా రాస్తారు: "ట్రాక్టర్ ట్రాలీ ఊడిపోకుండా ఆపే మెరుగైన పిన్ను." ఇది ఫలితం చెబుతోంది, నిర్మాణం చెప్పడం లేదు. పాత పిన్నులన్నీ దీని కిందికే వస్తాయి కాబట్టి తిరస్కరిస్తారు. భయపడి రెండోసారి అవతలి కొసకి పోతారు: "28 మి.మీ. వ్యాసం, 8 మి.మీ. రంధ్రం ఉన్న ఈఎన్8 ఉక్కు పిన్ను." ఇది మంజూరైనా పనికిరాదు. పోటీదారు 27 మి.మీ.లో చేసుకుని అమ్ముకుంటాడు. కొలతలు వివరణలో ఉండాలి, మొదటి క్లెయిములో ఉండకూడదు.

పనికొచ్చే క్లెయిము ఇలా ఉంటుంది: "నిలువు రంధ్రం గల కడ్డీ (1), కడ్డీ కింది చివరి చీలికలో తిరిగే నాలుక (2), కడ్డీ పై చివర మడత పడే పిడి (4), ఆ పిడినీ నాలుకనీ కలుపుతూ రంధ్రంలో జారే తోపుడు కడ్డీ (3) గల హిచ్ పిన్ను, పిడి పడుకున్న స్థితిలో తోపుడు కడ్డీ నాలుకని అడ్డంగా పట్టి ఉంచేలా, నాలుక పూర్తిగా అడ్డం తిరగనంత వరకు పిడి పడుకోకుండా అదే తోపుడు కడ్డీ అడ్డుకునేలా అమర్చినది."

ఈ క్లెయిము చివరి సగం చూడండి. భాగాల పేర్లు అయిపోయాక ఒకదాన్ని ఒకటి ఏం చేస్తున్నాయో చెబుతోంది. మెకానికల్ దరఖాస్తులకి తరచూ ఎదురయ్యే అభ్యంతరం 3(ఎఫ్) సెక్షన్. తెలిసిన పరికరాలని పక్కపక్కన పెట్టి, దేని పని అది చేసుకుంటూ పోతే అది ఆవిష్కరణ కాదని ఆ సెక్షన్ చెబుతుంది. పిన్నుకి ఎర్రలైటు తగిలిస్తే ఆ కోవలోకే వస్తుంది. పిడి, నాలుక ఒకదాన్ని ఒకటి అదుపు చేస్తే రాదు.

ఇక రెండో గండం, అది కేవలం షెడ్డు పనితనమేనా అన్న ప్రశ్న. బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వర్సెస్ హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది సరిగ్గా మనలాంటి వస్తువే: లేత్ మీద పాత్రలు తిప్పేటప్పుడు జారిపోకుండా పట్టి ఉంచే అమరిక. ఆ పని తెలిసిన మేస్త్రి ఎవరైనా చేయగల మార్పు అది, పేటెంటుకి అంతకు మించినది కావాలి అని కోర్టు తేల్చి ఆ పేటెంటు చెల్లదంది. అందువల్ల మీ వివరణలో "పాత పిన్నుల్లో ఇసుక చేరితే నాలుక సగంలో ఆగిపోయేది, ఆ సంగతి డ్రైవరుకి తెలిసే దారి ఉండేది కాదు" అని సమస్యని సూటిగా పెట్టి, మీ అమరిక దాన్ని ఎలా తీర్చిందో పరీక్ష ఫలితాలతో చూపండి.

అమెరికాలో రాబర్ట్ కెర్న్స్ పోరాటం కూడా ఈ ముడి మీదే నడిచింది. ఆగి ఆగి తుడిచే కారు వైపర్‌కి ఆయన 1964లో దరఖాస్తు చేశాడు. ఫోర్డ్ కార్లలో అలాంటి వైపర్లు 1969లో వచ్చాయి. 1978లో దావా వేశాడు. కెపాసిటరు, రెసిస్టరు, ట్రాన్సిస్టరు అన్నీ పాతవే, ఇందులో కొత్తేముంది అన్నది ఫోర్డ్ వాదన. వాటిని కలిపిన తీరు కొత్తదన్నది ఆయన వాదన. 1990లో జ్యూరీ ఆయన పేటెంట్ల ఉల్లంఘన జరిగిందంది, ఫోర్డ్ 1.02 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. దావా నుంచి డబ్బు దాకా పన్నెండేళ్లు పట్టింది.

కాగితాలు, రుసుములు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు చెన్నై పేటెంటు కార్యాలయం కిందికి వస్తాయి. దరఖాస్తు ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ ఉండాలి, తెలుగులో తీసుకోరు. ముందు తెలుగులోనే పూర్తిగా రాసుకుని తరువాత ఇంగ్లిషులో పెట్టించండి. అనువాదం చేసే మనిషికి పిన్ను చేతికిచ్చి చూపించకపోతే "పిడి"కీ "తోపుడు కడ్డీ"కీ పేజీకో మాట వాడేస్తారు. ఒక భాగానికి మొదటి నుంచి చివరి దాకా ఒకే పేరు, ఒకే అంకె ఉండాలి.

ఫారం 1 దరఖాస్తు, ఫారం 2 వివరణ పత్రం, ఫారం 3 విదేశీ దరఖాస్తుల వాంగ్మూలం, ఫారం 5 ఆవిష్కర్త ప్రకటన. డ్రాయింగులు ఏ4 కాగితం మీద, పైనా ఎడమనా 4 సెం.మీ., కిందా కుడిపక్కా 3 సెం.మీ. ఖాళీ వదిలి, నల్ల గీతలతో ఉండాలి. బొమ్మ మీద మాటలు రాయకూడదు, అంకెలు మాత్రమే. సారాంశం 150 మాటలు దాటకూడదు.

వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తే రుసుము 1,600 రూపాయలు. అందులో 30 పేజీలు, 10 క్లెయిములు ఇమిడి ఉంటాయి. ఆపైన పేజీకి 160, క్లెయిముకి 320. ఆన్‌లైన్‌కి డిజిటల్ సంతకం కావాలి. అది లేకపోతే స్వయంగా కాగితం మీద పంపవచ్చు, అప్పుడు 1,750.

వస్తువు మీద మీ పరీక్షలు ఇంకా సాగుతుంటే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక వివరణ) దాఖలు చేసి తేదీ పట్టుకోండి, 12 నెలల్లో పూర్తి వివరణ ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసినట్టే. ప్రొవిజనల్ కదా అని అరపేజీతో సరిపెట్టడం పెద్ద పొరపాటు. తోపుడు కడ్డీ సంగతి అందులో లేకపోతే తోపుడు కడ్డీకి ఆ తేదీ దక్కదు.

పూర్తి వివరణ ఇచ్చాక పేటెంటు కార్యాలయం చేసే పరీక్ష దానంతట అది మొదలవ్వదు. ఫారం 18 వేసి 4,000 రూపాయలు కట్టాలి. 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకి గడువు మొదటి దాఖలు తేదీ నుంచి 31 నెలలు. 48 నెలలని ఇప్పటికీ చెబుతున్నవాళ్లు ఉన్నారు, అది పాత నియమం. గడువు దాటితే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే లెక్క. మహిళా దరఖాస్తుదారులు, స్టార్టప్‌లు, చిన్న సంస్థలు ఫారం 18ఏతో 8,000 కట్టి త్వరిత పరీక్ష కోరవచ్చు.

మామూలుగా 18 నెలలకి దరఖాస్తు పేటెంటు కార్యాలయం జర్నల్‌లో ప్రచురితమవుతుంది. పరీక్ష నివేదికలో అభ్యంతరాలు రావడం మామూలే, అది తిరస్కరణ కాదు. జవాబుకి 6 నెలలు, అడిగితే మరో 3. విచారణ వీడియోలో జరుగుతుంది, చెన్నై వెళ్లక్కర్లేదు. పేటెంటు ఏజెంటుని పెట్టుకుంటే దాఖలుకి ఎంత, అభ్యంతరాల జవాబుకి ఎంత, విచారణకి ఎంత అని విడివిడిగా ముందే రాయించుకోండి. డబ్బు లేక ఆగిపోయేవాళ్లు పల్లె సృజననీ, గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్‌నీ అడగండి. గ్రామీణ ఆవిష్కర్తల పేటెంట్లకి ఇవి తోడ్పడుతున్నాయి.

పేటెంటు ఆయువు దాఖలు నుంచి 20 ఏళ్లు. అది నిలవడానికి కట్టే రుసుము మూడో ఏడు నుంచి ఆరో ఏడు దాకా ఏటా 800, పదో ఏడు దాకా 2,400, పదిహేనో ఏడు దాకా 4,800, ఆపైన 8,000. మొత్తం 76,800. ఒక్క ఏడాది కట్టడం మరిచి, ఆరు నెలల అదనపు గడువు కూడా దాటిస్తే హక్కు పోతుంది. 18 నెలల్లోపు పునరుద్ధరణ అడగవచ్చు గానీ కారణం ఒప్పించాలి.

అమ్మడమా, అద్దెకివ్వడమా

సాకెట్లు చిటికెలో ఊడే రెంచిని 1963లో కనిపెట్టిన పీటర్ రాబర్ట్స్ సియర్స్ దుకాణంలో గుమస్తా. దానికి పెద్ద గిరాకీ ఉండదని చెప్పి ఆ సంస్థ గరిష్ఠంగా 10,000 డాలర్లకే హక్కు రాయించుకుంది. తరువాత ఆ రెంచీలు లక్షల్లో అమ్ముడుపోయాయి. అది మోసమని నిరూపించడానికి ఆయన ఏళ్లతరబడి కోర్టుల్లో తిరిగాడు.

హక్కు పూర్తిగా రాసిచ్చేకంటే లైసెన్సు మేలు. ఒక్కో పిన్నుకి ఇంత అని రేటు, ఏటా కనీసం ఇంత అని పూచీ, లెక్కల పుస్తకాలు చూసే హక్కు, ఫలానా తేదీలోపు తయారీ మొదలుపెట్టకపోతే లైసెన్సు రద్దు అనే షరతు, ఈ నాలుగూ ఉండాలి. "గరిష్ఠం" అన్న మాట కనిపిస్తే సంతకం పెట్టకండి. ఏ బదలాయింపైనా రాతపూర్వకంగా ఉండి, పేటెంటు కార్యాలయంలో నమోదు కావాలి.

కాపీ కొట్టినప్పుడు

ముందు మీరు ఏటా కట్టాల్సిన రుసుములు కట్టి ఉన్నాయో లేదో చూసుకోండి. తరువాత కాపీ వస్తువుని బిల్లుతో కొనండి. విప్పి ఫొటోలు తీసి, మీ క్లెయిముని ముక్కలుగా విడగొట్టి ఎడమ పక్క రాసి, కుడి పక్క కాపీలో అది ఎక్కడుందో రాయండి. ఒక్క ముక్క లేకపోయినా కేసు బలహీనపడుతుంది. కోపంలో ఫోను చేసి బెదిరించకండి. ఆధారం లేని బెదిరింపు మీద అవతలివాళ్లే 106వ సెక్షన్ కింద మీ మీద దావా వేయగలరు.

దావా జిల్లా కోర్టుకంటే కింది కోర్టులో వేయడానికి లేదు. మంజూరు కాకముందు వేయడానికీ లేదు, కానీ నష్టపరిహారం ప్రచురణ తేదీ నుంచి లెక్క కట్టి అడగవచ్చు. అవతలివాళ్లు పేటెంటు రద్దు కోరుతూ ఎదురు దావా వేస్తే కేసు హైకోర్టుకి పోతుంది. ఎంతకాలం పడుతుందో తెలియాలంటే, చిన్న ఇంజనులో రెండు స్పార్కు ప్లగ్గుల మీద బజాజ్, టీవీఎస్ తగువు చూడండి. 2007లో మొదలై, 2008లో ఇంజంక్షన్ (అమ్మకాలు ఆపమనే కోర్టు ఆదేశం) వచ్చి, 2009లో పోయి, 2019లో రాజీతో ముగిసింది. మీ వస్తువునే ఇంకొకరు తమ పేరున దాఖలు చేస్తే వేరే దారి ఉంది. మంజూరుకి ముందు 25(1) కింద అభ్యంతరం, మంజూరు ప్రచురణ తరువాత ఏడాదిలోపు 25(2) కింద అభ్యంతరం వేయవచ్చు. మీ తేదీలున్న నోటుబుక్కు, లేత్ షాపు బిల్లులు, సంతకాల ఒప్పందాలు అప్పుడు అక్కరకొస్తాయి.

పిన్ను మీద ముద్ర కొట్టించేటప్పుడు "పేటెంటెడ్" అని మాత్రమే రాస్తే చాలదు. పక్కన నంబరు లేకపోతే "నాకు తెలియదు" అని తప్పించుకునే వీలు 111వ సెక్షన్ కాపీదారుకి ఇస్తుంది, నష్టపరిహారం పోతుంది. మంజూరు కాకముందే "పేటెంటెడ్" అని కొట్టిస్తే 10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. అప్పటిదాకా "పేటెంటు దరఖాస్తు చేయబడింది" అనీ దరఖాస్తు నంబరూ వేయించండి. మంజూరైన రోజు నుంచి పిడి పైభాగాన, బురద అంటని చోట, పేటెంటు నంబరు పంచ్ చేయించండి.